పచకుతి: లోకానికి వచ్చిన వంతు

ఆండీస్ కొండల్లో కెచువా, ఐమారా భాషలు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మాట పచకుతి. ఒక చక్రవర్తి దాన్ని బిరుదుగా ధరించాడు. మిషనరీలు నిఘంటువుల్లో దానికి ప్రళయమని అర్థం రాశారు. రైతు సంఘాలు పార్టీలకు పేరుగా పెట్టుకున్నాయి. చివరికి ఒక ప్రభుత్వం ఫలానా తేదీన పచకుతి మొదలైందని ప్రకటించింది. అయిదు శతాబ్దాలకు పైగా ఇంతమంది చేతులు మారినా అరగని మాట అది. దాని లోపల ఏముందో చూడాలి.

ముందు పచ. కెచువాలో పచ అంటే నేల. లోకం కూడా పచే, కాలం కూడా పచే. పచమామ అంటే భూమాత. హనన్ పచ పై లోకం, కై పచ ఈ లోకం, ఉఖు పచ లోపలి లోకం. ఐమారాలో జల్లు పచ అంటే వానకాలం, నయ్ర పచ అంటే పాతకాలం. స్థలాన్ని ఒక గాటన, కాలాన్ని ఇంకో గాటన కట్టే అలవాటు ఆ మాటకు లేదు. మనకూ ‘పొద్దు’లో సూర్యుడూ సమయమూ కలిసే ఉంటారు. కానీ లోకం, కాలం అనే పెద్ద మాటల దగ్గరికి వచ్చేసరికి మనం వాటిని విడదీసేస్తాం. లోకం తలకిందులైందంటాం, కాలం మారిందంటాం. ఆండీస్ రైతుకు అవి రెండు సంఘటనలు కావు.

కుతి దగ్గర తెలుగువాడికి ఆశ్చర్యం ఎదురవుతుంది. క్రియగా వాడితే కుతి అంటే తిరిగి రావడం. నామంగా వాడితే ‘సారి’, ‘మారు’. హుక్ కుతి అంటే ఒకమారు. దానికి ప్రేరణ ప్రత్యయం చేర్చి కుతిచీయ్ అంటే తీసుకున్నది తిరిగి ఇవ్వడం, అడిగినదానికి బదులు చెప్పడం. మన ‘మారు’ను పక్కన పెట్టి చూడండి. మరోమారు అంటే ఇంకోసారి. మారడం అంటే వేరుగా అవడం. మారుమాట అంటే బదులు. ఎదురు చెప్పలేని వాణ్ణి మారుమాట్లాడలేదంటాం. ‘తిరుగు’ అయితే ఇంకా దగ్గర. చుట్టూ తిరగడం, ఇంటికి తిరిగి రావడం, తిరిగి చెప్పడం, తిరగబడడం, తిరుగుబాటు అన్నీ ఒకే ధాతువు పిల్లలు. కెచువా, తెలుగు భాషాకుటుంబాలకు చుట్టరికం లేదు. అయినా పొలం దున్ని, ఏడాది గుండ్రంగా తిరగడం చూసి, దొర ముందు నోరు విప్పిన జనం ఎదురుచెప్పడానికీ తిరిగి రావడానికీ ఒకే మాట చాలనుకున్నారు.

పచకుతి నిఘంటువుకెక్కింది స్పెయిన్ వాళ్ళు వచ్చాకే. దియేగో గొన్సాలెస్ ఓల్గీన్ అనే జెసూట్ పాదిరి 1608లో లీమాలో అచ్చువేసిన కెచువా నిఘంటువులో దానికి లోకాంతం, పెనువినాశం, మహమ్మారి, అందరికీ వాటిల్లే నష్టం అని అర్థాలు రాశాడు. నాలుగేళ్ళ తర్వాత తితికాకా సరస్సు ఒడ్డున హూలీ ఊళ్ళో, 1612 నాటి తన ఐమారా నిఘంటువులో లుదొవీకో బెర్తోనియో యుద్ధకాలమని రాశాడు. అబద్ధాలు కావవి. అడిగిన రోజున జనం చెప్పిన అర్థాలే అయి ఉంటాయి. అప్పటికి మశూచి, వెట్టి, పొతోసి వెండి గనులు ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేసేశాయి. ఆ ఏళ్ళలో లోకం తిరగడమంటే ఏమిటని అడిగితే ఎవరైనా ఇంకేం చెబుతారు?

అంతకు నూటడెబ్బై ఏళ్ళ మునుపు ఇదే మాటకు ఇంకో ముఖం ఉండేది. సుమారు 1438లో చాంక తెగలు ఇంకాల రాజధాని కుస్కో మీదికి వచ్చాయి. రాజు నగరం వదిలి వెళ్ళిపోగా కొడుకు కుసి యుపాంకి నిలబడి గెలిచాడు. గద్దెనెక్కి పచకుతి అని పేరు మార్చుకున్నాడు. కుస్కోను మళ్ళీ కట్టించాడు, రాజ్యాన్ని సామ్రాజ్యం చేశాడు. ఓడినవాడికి ప్రళయం, గెలిచినవాడికి బిరుదు. ఒకే తిరుగుడులో రెండూ ఉన్నాయి కాబట్టే ఆ మాట ఏ పక్కకూ పూర్తిగా ఒరగలేదు.

నిఘంటువు ఎవరి చేతిలో ఉందన్నది మనకూ తెలియని సమస్య కాదు. 1922–24లో మన్యంలో జరిగినదాన్ని సర్కారు కాగితాలు రంప పితూరీ అన్నాయి. పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చిన ఆ మాటకు ఊళ్ళో అర్థం పై అధికారి చెవిలో వేసే చాడీ. కోయలు, కొండదొరలు అడవికోసం పోరాడితే, దానికి కచేరీ భాషలో దొరికిన పేరు అది. విప్లవం కూడా మొదట పొగడ్త కాదు. ప్లు అంటే తేలడం, పొంగడం. అమరకోశం విప్లవాన్ని డింబం, డమరం పక్కన అల్లకల్లోలాల వరసలో కూచోబెట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో పోరాడినవాళ్ళు దాన్ని ఎత్తుకుని గౌరవం తెచ్చారు. తిట్టును బిరుదుగా మార్చుకోవడం కూడా ఒక తిరుగుబాటే.

ఓల్గీన్ నిఘంటువులో పచకుతి పక్కనే జంటగా ఇంకో మాట ఉంది: పచ తిక్ర. చాలామంది దాన్ని దాటుకుంటూ పోతారు. నాకు మాత్రం అసలు చర్చ అక్కడే ఉందనిపిస్తుంది. కుతి అకర్మకం, తనంత తాను తిరుగుతుంది. తిక్ర సకర్మకం. ఎవరో పట్టుకుని తిప్పాలి, బోర్లించాలి, బట్టను లోపలి పక్క పైకి వచ్చేలా తిరగేయాలి. మన తిరుగు, తిప్పు జంట లాంటిదే. చరిత్ర తనంత తాను తిరుగుతుందా, మనుషులు తిప్పుతారా అని గతితర్కం చదివిన ప్రతి తరమూ వాదించుకుంది. కెచువా ఆ ప్రశ్నను తేల్చలేదు. రెండు క్రియలనూ ఒకే పచకు తగిలించి పక్కపక్కన వదిలేసింది.

1532 నవంబర్ 16న కహమార్క పట్నంలో స్పెయిన్ సేనాని పిసారో మనుషులు ఇంకా చక్రవర్తి అతహువాల్పను పట్టుకున్న సాయంత్రం ఇంకాల లోకం తిరిగిపోయింది. ఆ తర్వాత పుట్టిన గువామన్ పోమ అనే స్థానికుడు స్పెయిన్ రాజు మూడో ఫిలిప్‌కు ఉత్తరం రాయడం మొదలుపెట్టి, సుమారు 1615 నాటికి దాదాపు 1,200 పుటలు నింపాడు. దాదాపు నాలుగు వందల బొమ్మలు తానే వేశాడు. కొరడా పట్టిన పాదిరి, గనిలో కూలిన కూలి, లంచం తినే అధికారి అందరూ అందులో ఉన్నారు. లోకం తలకిందులైందని పదేపదే రాశాడు. అది ఏడుపు కాదు, తర్కం. తలకిందులైనదాన్ని మళ్ళీ తలకిందులు చేస్తే నిలబడుతుంది కదా. అందుకే ఆ పుస్తకం పేరులో పాత చరిత్రతోపాటు ‘మంచి పాలన’ కూడా చేర్చాడు. ఉత్తరం రాజు చదివాడన్న ఆధారం లేదు. 1908లో కోపెన్‌హాగెన్ రాజగ్రంథాలయంలో ఒక జర్మన్ పండితుడి కంటబడింది.

రాయడం రానివాళ్ళు వేరే దారి పట్టారు. 1560లలో వమాంగ ప్రాంతంలో తాకి ఓన్కోయ్ పుట్టింది. తాకి అంటే పాట, ఆట. ఓన్కోయ్ అంటే రోగం. ఓడిపోయిన కొండదేవతలు, నీటిదేవతలు తిరిగి లేచి మనుషుల ఒళ్ళలో ప్రవేశిస్తున్నారని, క్రైస్తవుల దేవుణ్ణి తరిమేస్తారని నమ్మి జనం వణుకుతూ ఆడారు. స్పెయిన్ వాళ్ళ తిండి, బట్ట, పేరు వద్దన్నారు. చర్చి అధికారులు అణిచేశారు. కానీ తిరిగి రావడమనే ఊహ చావలేదు. ఇంకరి, అంటే ఇంకా రాజు, నరికిన తల మట్టి కింద బతికే ఉందనీ, దానికి ఒళ్ళు మెల్లమెల్లగా పెరుగుతోందనీ, నిండిననాడు ఇంకరి లేచి వస్తాడనీ కథ చెప్పుకున్నారు. 1950లలో కేరో, పూకియో ఊళ్ళలో పరిశోధకులు ఆ కథను జనం నోట విని రాసుకున్నారు. రాసుకున్నవాళ్ళలో నవలాకారుడు హొసే మరియా అర్గేదాస్ ఒకరు.

1781లో కథ శరీరం ధరించింది. హులియాన్ అపాస అనే ఐమారా వ్యాపారి తుపాక్ కతారి అని పేరు పెట్టుకుని, భార్య బార్తొలీనా సీసాతో కలిసి లా పాస్ నగరాన్ని నెలల తరబడి ముట్టడించాడు. నవంబర్ 15న పెన్యాస్ ఊళ్ళో గుర్రాలకు కట్టి అతని ఒంటిని చీల్చారు. తిరిగి వస్తాను, వచ్చేది లక్షలాదిమందినై అని అతను చివర అన్నాడని జనం చెప్పుకుంటారు. అతనే అన్నాడో, జనం అతని నోట పెట్టారో, ఆ వాక్యానికి వ్యాకరణం మాత్రం కుతిదే. వెళ్ళింది ఒకడు, తిరిగి వచ్చేది వేరు. పాతది పాతగా తిరిగి రాదు.

ఇక్కడ యుటోపియా అనే మాటతో తగవు వస్తుంది. 1516లో థామస్ మోర్ గ్రీకు ముక్కలతో కట్టిన ఆ మాటకు అర్థం ‘లేని చోటు’. ఆ దీవిని చూసివచ్చినట్టు చెప్పే పాత్ర వెస్పుచ్చితో కలిసి కొత్త ఖండానికి వెళ్ళిన నావికుడు. మెక్సికోలో వాస్కో దె కిరోగ అనే అధికారి, తర్వాతి కాలపు బిషప్, 1530లలో ఆ పుస్తకం చదివి స్థానికుల కోసం ఉమ్మడి భూమి ఉన్న ఊళ్ళు నిజంగానే కట్టించాడు. మంచి మనిషే. కానీ ఊరి నమూనా ఇంగ్లండు పుస్తకంలోంచి వచ్చింది. ఊళ్ళో ఉండబోయేవాళ్ళ జ్ఞాపకంలోంచి కాదు. పెరూ చరిత్రకారుడు ఆల్బెర్తో ఫ్లోరెస్ గలిందో 1980లలో రాసిన గ్రంథంలో తేడాను పట్టుకున్నాడు. ఆండీస్ జనం కలగన్నది లేని చోటు కాదు. వాళ్ళ ఊహలో అది ఒకప్పుడు ఉన్న చోటు. ఇంకా సామ్రాజ్య కాలం వాళ్ళు గుర్తుచేసుకున్నంత న్యాయంగా నిజంగా ఉందా అంటే లేదు. ఇంకాలు కూడా పన్నులు వేశారు, జనాన్ని ఊళ్ళు మార్పించారు. అయినా ఆ జ్ఞాపకంలో ఊరి ఉమ్మడి భూమి, ఒకరి పొలానికి ఒకరు చేసే బదులు పని ఉన్నాయి. అవి కల్పన కావు. అయ్యు అనే ఆ ఊరి కట్టు ఇప్పటికీ నడుస్తోంది.

జర్మన్ తత్వవేత్త హెగెల్ తన తర్కశాస్త్రంలో ఔఫ్‌హేబెన్ అనే మాట దగ్గర ఆగి మురిసిపోయాడు. ఉంచుకోవడం, అంతం చేయడం అన్న ఎదురెదురు అర్థాలు ఒకే మాటలో ఉండడం ఆలోచనకు ఆనందమన్నాడు. పైకెత్తడమనే ఇంకో అర్థమూ దానికుంది. వైరుధ్యం ఆ మాటలో కొత్త మెట్టు ఎక్కుతుంది. అదే హెగెల్ చరిత్ర ఉపన్యాసాల్లో అమెరికా మూలవాసులను బలహీనులని, చరిత్రకు బయటివారని కొట్టిపారేశాడు. ఎదురెదురు అర్థాలను పక్కపక్కన మోసే మాట వాళ్ళ నోట్లో అప్పటికే ఎన్నో తరాలుగా ఉంది.

మార్క్స్ ముసలితనంలో వేరే వైపు చూశాడు. రష్యా పల్లెల ఉమ్మడి భూమి నశించి తీరాల్సిందేనా అని వేరా జాసూలిచ్ అడిగితే 1881 మార్చి 8న చిన్న జవాబు పంపాడు. కానీ పంపని చిత్తుప్రతుల్లో, ఆధునిక సమాజం పాత ఉమ్మడి రూపానికే, అయితే మరింత ఎత్తైన రూపంలో తిరిగి రావచ్చన్న ఆలోచన ఉంది. తిరిగి రావడం, పైకి రావడం కలిసిన ఆ ఊహ పచకుతికి అతి దగ్గర బంధువు. పెరూలో హొసే కార్లోస్ మరియాతెగి దాన్ని తన నేలమీద నడిపించాడు. కెచువాలో పండితుడని అర్థమిచ్చే ‘అమౌత’ పేరుతో 1926లో పత్రిక పెట్టాడు. 1928లో ఏడు వ్యాసాల గ్రంథంలో, మూలవాసుల సమస్య చదువు సమస్యా కాదు, నీతి సమస్యా కాదు, భూమి సమస్య అన్నాడు. సోషలిజం ఐరోపా నకలు కాకూడదని, అయ్యు లోంచి మొలవాలని వాదించాడు. 1930లో చనిపోయేనాటికి అతనికి ముప్ఫైఅయిదేళ్ళు.

ఆయన పేరు చెప్పుకుంటూనే అదే దేశంలో ఇంకో దారి తెరుచుకుంది. అయకూచోలోని వమాంగ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే అబిమాయెల్ గుస్మాన్ ‘వెలుగు బాట’ పార్టీని నడిపాడు. ఆ పేరు మరియాతెగి మాటల్లోంచి తీసుకున్నదే. గతితర్కం సూత్రాలన్నీ వాళ్ళకు కంఠస్థం. 1980 నుంచి 2000 దాకా ఆ పార్టీ, ప్రభుత్వ సైన్యం చేసిన హింసలో దాదాపు 69,000 మంది చనిపోయి, మాయమై ఉంటారని సత్య కమిషన్ 2003లో అంచనా వేసింది. బాధితుల్లో నూటికి 75 మంది మాతృభాష కెచువా లేదా మరో స్థానిక భాష. సిద్ధాంతం నోట్లో ఉన్నా, ఎదురు చెప్పిన పల్లెపెద్దను చంపినచోట కుతిచీయ్‌కి తావు లేదు. బదులు చెప్పే హక్కు లేనిచోట జరిగేది ఒట్టి తిక్రే.

బొలీవియా సామాజిక శాస్త్రవేత్త సిల్వియా రివేరా కుసికాంకి ఐమారాలోంచి ఇంకో మాట ఎత్తి చూపించారు: చిహి. దూరం నుంచి బూడిద రంగులా కనబడే నేత. దగ్గరికి వెళితే నల్లచుక్క నల్లగానే, తెల్లచుక్క తెల్లగానే ఉంటుంది. అవి కరిగి మూడో రంగు అవవు. సంశ్లేషణలో ముగిసే గతితర్కానికి ఇది జవాబు. మూలవాసి, స్పానిష్ రెండూ ఒకే మనిషిలో పోట్లాడుకుంటూనే బతుకుతాయి, కలిసిపోనక్కరలేదు. ఐమారాలో కాలం ఉన్న తీరు కూడా దీనికి తోడు. నయ్ర అంటే కన్ను, ముందు వైపు, గడిచిన కాలం. ఖిప అంటే వీపు వెనక, రాబోయేది. చూసినది కళ్ళముందు ఉంటుంది, చూడనిది వెనక ఉంటుంది. తెలుగులోనూ ఆ జాడ చెరగలేదు. ‘మునుపు’లో గడిచిన కాలం ముందే ఉంది. ‘వెనకటి రోజులు’ అన్నప్పుడు మాత్రం తిరగబడింది. రెండు వరసలూ తగవు లేకుండా మన నోట్లో కాపురం చేస్తున్నాయి.

2000 సంవత్సరంలో ఈ మాట పుస్తకాల్లోంచి రోడ్డు మీదికి వచ్చింది. ఏప్రిల్‌లో బొలీవియాలోని కొచబాంబలో నీళ్ళను విదేశీ కంపెనీకి అప్పగించిన ఒప్పందాన్ని జనం రద్దు చేయించారు. అదే నెలలోనూ, సెప్టెంబర్‌లోనూ లా పాస్ చుట్టూ ఐమారా రైతులు రోడ్లకు రాళ్ళు అడ్డంపెట్టారు. నాయకుడు ఫెలీపె కిస్పె ఆ ఏడాదే పచకుతి పేరుతో పార్టీ పెట్టాడు. ఈక్వడార్‌లో పచకుతిక్ పార్టీ అప్పటికే కొన్నేళ్ళుగా ఉంది. 2003 అక్టోబర్‌లో గ్యాస్ అమ్మకంపై లా పాస్ పక్కనున్న ఎల్ ఆల్తో నగరం తిరగబడింది. అరవైమందికి పైగా చనిపోయారు. ఆ నెల 17న అధ్యక్షుడు దేశం విడిచి వెళ్ళాడు.

రోజుల తరబడి అడ్డంకులు ఎలా నిలిచాయన్నదానికి జవాబు ‘వంతు’. అయ్యులో భూమి వంతుల మీద నడుస్తుంది. ఐనూక అనే వంతుల పొలంలో ఈ ఏడాది బంగాళదుంప వేస్తే తర్వాత ఇంకో పంట, ఆ తర్వాత ఏళ్ళపాటు బీడు. పెద్దరికం కూడా వంతే. భార్యాభర్తలు జంటగా ఏడాదిపాటు ఊరి బాధ్యత మోసి ఇంకొకరికి అప్పగిస్తారు. రోడ్డు మీద కూడా అదే నడిచింది. ఈ ఊరు ఈ రోజు, ఆ ఊరు రేపు. వచ్చినవాళ్ళు మూటలు విప్పి నేలమీద పరిచిన తిండి అందరిదీ. ఆ పోరాటాల మీద రకేల్ గుతియెరెస్ రాసిన పుస్తకం పేరులోనే పచకుతి లయలన్న మాట ఉంది. మారు అనే అర్థంలోని కుతి, లోకం మారే కుతిని మోసింది. వేల చిన్న వంతులు లేకపోతే ఆ పెద్ద తిరుగుడు లేదు. యుటోపియా గురించి నేను చదివినవాటిలో నాకు అన్నిటికన్నా నమ్మకం కలిగించినది ఇదే. ఎక్కడో లేని దీవి కాదు. ఎల్లుండి మీ ఊరి వంతు అని తెలిసి రాత్రి దుంపలు ఉడకబెట్టుకునే ఇల్లు.

రాజ్యం చేతికి మాట వెళ్ళాక కథ మెలిక పడింది. 2006 జనవరిలో బొలీవియా అధ్యక్షుడిగా ఏవో మొరాలెస్ గద్దెనెక్కాడు. 2009 రాజ్యాంగం ఐమారాల సుమ కమాన్య, అంటే మంచి బతుకు అనే మాటను దేశ విలువల్లో చేర్చింది. చేర్చదగినదే. 2012 డిసెంబర్ 21న తితికాకాలోని సూర్య దీవిపై ఉత్సవం చేసి పచకుతి యుగం మొదలైందని ప్రకటించారు. 2014 జూన్‌లో పార్లమెంటు భవనం గడియారాన్ని ఎదురు దిక్కున తిరిగేలా మార్చారు. గడియారం తిప్పడం సులువు. అంతకు ముందే, 2011లో, అదే ప్రభుత్వం తిప్‌నిస్ అనే మూలవాసుల అడవి మధ్యలోంచి రోడ్డు వేయడానికి పూనుకుంది. త్రినిదాద్ నుంచి లా పాస్‌కు నడిచి వస్తున్న వాళ్ళపై సెప్టెంబర్ 25న చపరీనా దగ్గర పోలీసులు విరుచుకుపడ్డారు. వాళ్ళు లేచి మళ్ళీ నడిచి అక్టోబర్‌లో నగరం చేరారు. నగర జనం వీధులకు వచ్చి స్వాగతం పలికారు. ఆ అడవిని ఎవరూ తాకకూడదని చట్టం వచ్చింది. 2017 ఆగస్టులో ప్రభుత్వమే దాన్ని రద్దు చేసింది.

ఆ నడిచినవాళ్ళు మొహేన్యో, యురకారే, చిమానే జనం. కొండవాళ్ళు కాదు, కింది అడవులవాళ్ళు. పచకుతి వాళ్ళ భాషల మాట కాదు. మొహేన్యోలకు వేరే మాట ఉంది, లోమ సాంతా, అంటే పవిత్రమైన గుట్ట. 1887లో రబ్బరు యజమానుల వెట్టి నుంచి తప్పించుకుని ఒక ప్రవక్త వెంట కుటుంబాలు త్రినిదాద్ వదిలి ఆ గుట్టను వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళాయి. ఆ తర్వాత తరతరాలుగా ఆ వెతుకులాట మళ్ళీ మళ్ళీ మొదలైంది. తిప్‌నిస్‌లో ఇప్పుడున్న ఊళ్ళు కొన్ని అలా వెతుకుతూ ఆగినచోట వెలిసినవే. 1990లో వాళ్ళ మొదటి పాదయాత్ర ముప్ఫై రోజులకు పైగా సాగాకే ఆ అడవి వాళ్ళదని ప్రభుత్వం ఒప్పుకుంది. ఐమారా తిరుగుతుంది, మొహేన్యో నడుస్తుంది. గుట్ట దొరికిందని వాళ్ళెవరూ ప్రకటించలేదు. అక్కడ అరటి నాటుకున్నారు, పిల్లల్ని కన్నారు, రోడ్డు వచ్చినప్పుడు అడ్డం నిలబడ్డారు.